బొమ్మల పుస్తకం నన్ను చంపిన వైనం

కలకత్తా పుస్తకాల మేళాని గజగజా వణికించిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. అదీ చచ్చిపోయాక. బతికుండగా జనాన్ని వణికించడంలో గొప్పేముంది, పోలీసులు రోజూ చేసే పనే. చచ్చి, ఒంటినిండా బూడిద పూసుకుని, పట్టపగలు అంత జనం మధ్యకి నడిచి వెళ్లి, ఒక పుస్తకాల కొట్టు ముందు నిలబడి నా చావుకి సంజాయిషీ అడిగినవాణ్ణి నేను.

నా పేరు ఖగేన్ ప్రామాణిక్. చూర్ణీ నది ఒడ్డున కల్మీడాంగా మా ఊరు. క్షవరం మా కులవృత్తి. మా ఊళ్లో నా కత్తి కింద తల వంచని మగవాడు లేడు. పెళ్లికొడుకులకి గడ్డాలు గీశాను, తండ్రులు పోయిన కొడుకులకి గుండ్లు చేశాను. చదువంటారా, ఊరి బళ్లో పంతులుగారికి కునుకు పట్టేదాకా చదివాను. ఆయనకి తొందరగానే పట్టేది.

మా ఆవిడ తరుబాల. గొప్పలు చెప్పడంలో నన్ను మించినవాడు చుట్టుపక్కల లేడు గానీ, ఆమె నోరు విప్పితే నావన్నీ వెలవెలబోతాయి. ఆమె చెప్పేవి కథలు. సాయంత్రం దీపం పెట్టగానే వీధిలో పిల్లలంతా మా అరుగు మీద వాలేవాళ్లు. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకునేది చేప తల కథ.

ఒక ఇంట్లో కొత్తకోడలు. పగలంతా చాకిరీ. ఒకనాడు అత్తగారికి జాలి కలిగి, రోహూ చేప తల ఆ పిల్ల కోసం మూత పెట్టి దాచింది. ఆ ఇంటి అల్లుడు తిండిపోతు. వచ్చాడు, మూత తీశాడు, తల తిన్నాడు, మూత పెట్టాడు, మీసం తుడుచుకుని వెళ్లిపోయాడు. కోడలు ఆకలితో పడుకుని ఆకలితోనే పోయింది. దయ్యమై రేవు పక్కన చెట్టెక్కింది. మా వైపు దయ్యాలు ముక్కుతో మాట్లాడతాయి. "నాఁ చేఁప తఁలేఁదీ?" అని అల్లుణ్ణి అడుగుతుంది. "ఏ తల? నాకేం తెలుసు?" అంటాడు వాడు. అన్న ప్రతిసారీ, వాడు పుట్టినప్పట్నుంచి తిన్న చేపముళ్లలో ఒకటి వాడి పొట్టలో లేచి నిలబడుతుంది. ముల్లుకి ముల్లు అతుక్కుంటుంది. అబద్ధం మీద అబద్ధం, ముల్లు మీద ముల్లు, చివరికి లోపలే ఒక నిండు చేప తయారై, తోక ఝాడించి, అల్లుణ్ణి ఈడ్చుకుపోయి నదిలో దూకుతుంది. ఇప్పటికీ వానాకాలంలో నది మధ్య బుడగలొస్తే, అల్లుడు అడుగునుంచి ఇంకా "నాకేం తెలుసు" అంటున్నాడన్నమాట.

ఆ బుడగల దగ్గర పిల్లలు ఎగిరి గంతేసేవాళ్లు. ఒక్కడు కూడా జడుసుకుని ఏడ్చిన పాపాన పోలేదు.

ఈ కథల సంగతి చెవిన పడి కలకత్తా నుంచి ఒకాయన వచ్చాడు. దీప్తాంశు లాహిరి. పల్లెల్లో పాతకథలు ఏరి చిన్నపిల్లలకి బొమ్మల పుస్తకాలు చేస్తాడు. రాసేదీ ఆయనే, బొమ్మలేసేదీ ఆయనే. భుజాలు దాటిన జుట్టుని రబ్బరు బ్యాండుతో వెనక్కి కట్టుకున్నాడు. ఆ జుట్టు చూడగానే నా కుడిచెయ్యి దురద పెట్టిందని ఒప్పుకుంటాను, అది వృత్తిదోషం.

మా ఇంట్లో ఆవపిండి పెట్టిన చేపల కూర తిన్నాడు, రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు. తరుబాల కథ చెబుతుంటే ఒకపక్క సెల్‌ఫోన్‌లోకి ఎక్కించుకుంటూ, ఇంకోపక్క కాగితం మీద పెన్సిల్‌తో ఆమె బొమ్మ గీశాడు. చేతులకి శంఖపు గాజులు, వాటి సరసన ఎర్ర లక్క గాజులు, పాపిట్లో సిందూరం, ముత్తైదువ గుర్తులన్నీ పడ్డాయి. నేను కళ్లారా చూశాను. వెళ్లేటప్పుడు ఆమె కాళ్లకి దణ్ణం పెట్టాడు.

"మొదటి పేజీలో మీరే ఉంటారు కాకీమా," అన్నాడు, సొంత పిన్నిని పిలిచినట్టు.

ఉంది. మొదటి పేజీలోనే ఉంది.

చలి మొదలైనప్పుడు పుస్తకం వచ్చింది. మా మనవరాలు మీఠీ అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటోంది. అమ్మమ్మని అది దీదా అంటుంది. దీదా ఒళ్లో కూర్చుని అట్ట తిప్పింది.

"దీదా, ఇది నువ్వే! ముక్కు నీదే!"

"నాదే. ఎంత బాగా దింపాడే!"

"మరి నీ గాజులేవి దీదా?"

నేను గడ్డపు కత్తిని తోలు మీద పదును పెడుతున్నవాణ్ణి ఆగాను. మీఠీ పుస్తకం ఎత్తి చూపింది. మొహం మా ఆవిడదే. నవ్వితే పక్కకి వాలే పెదవితో సహా ఆమెదే. కానీ కట్టింది అంచు లేని తెల్లచీర. బోసి చేతులు. బోసి పాపిడి. ఆమె జన్మలో పెట్టుకోని గుండ్రటి కళ్లజోడు ముక్కు మీద.

ఎలా జరిగిందో నాకు తెలుసు. మా దేశంలో పిల్లల పుస్తకాల్లో కథ చెప్పే ముసలమ్మ ఎప్పుడూ విధవే. నా చిన్నప్పటి పుస్తకాల్లోనూ అంతే. ముసలాయన పోయి, వంటిల్లు కోడలి చేతికొచ్చి, తీరిక దొరికి కథలు చెబుతుందని కాబోలు. ఆ అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే తెల్లచీర గీసేసింది. తెలియక కాదు. ఆయన అమ్మ చేతికీ అవే గాజులున్నాయి. ఇక్కణ్ణుంచి ఆయన్ని వాడు అంటాను, ఏమీ అనుకోకండి. చంపినవాణ్ణి ఆయన అనడం నాకు చేతకాదు.

తరుబాల కేకలేయలేదు. బొమ్మ చూసింది, తన చేతులు చూసుకుంది, తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏమయ్యా, ఒకసారి దగ్గు."

"ఎందుకే?"

"దగ్గమన్నాను."

దగ్గాను. అప్పుడు ఊపిరి వదిలి, "పేజీ తిప్పవే మీఠీ," అంది.

చివరి పేజీ చూశాక అసలు మంట అంటుకుంది. దయ్యమూ అల్లుడూ ఒకే కంచంలో చేప తలని చెరిసగం పంచుకుని తింటున్నారు. ముళ్లు లేవు, నది లేదు, బుడగలు లేవు. మీఠీ కూడబలుక్కుని చదివింది: దయ్యం అల్లుడితో, నేను ఊరికే కోపం తెచ్చుకున్నాను, నన్ను క్షమించు అందట. కింద రంగురంగుల అక్షరాల్లో నీతి, అందరం పంచుకుని తిందాం అని.

"ఎవరు ఎవర్ని క్షమించాలి?" అంది తరుబాల. గొంతు పెంచలేదు, అదే నన్ను భయపెట్టింది. "తల తిన్నవాడా, ఆకలికి పోయినదా? మా అమ్మమ్మ చెప్పిన దయ్యం ఏ జన్మలోనూ ఎవడికీ క్షమాపణ చెప్పలేదు. మొదటి పేజీలో నా మొగుణ్ణి చంపాడు, చివరి పేజీలో నా దయ్యాన్ని చవటని చేశాడు. నా ఇంట్లో కూర రెండోసారి అడిగి వేయించుకుని మరీ!"

"పోనీలేవే, బొమ్మే కదా..."

"నువ్వు మాట్లాడకు. నువ్వు పోయావు." పుస్తకం మూసింది. "వాడు తీసిన గాజులు వాడి చేత్తోనే నాకు తొడగాలి. ఒక్క పుస్తకంలో కాదు, అచ్చేసినవాటన్నింట్లో. అప్పటిదాకా నా నోట కథ లేదు."

ఆ పుస్తకాన్ని తీసుకెళ్లి, మసాలా నూరే రాతిబండ కింద పెట్టింది. ఆ రోజునుంచి ఆవాలు నూరినా, పసుపు నూరినా, వాడి పేరు తలుచుకుంటూ దాని మీదే నూరేది. అంత మెత్తగా మా ఇంట్లో ఎప్పుడూ మసాలా నలగలేదు.

అరుగు బోసిపోయింది. పిల్లలొచ్చి, "దీదా, ఇవాళైనా?" అనేవాళ్లు. ఆమె తల అడ్డంగా ఊపేది. కాసేపు కాళ్లూపుకుంటూ కూర్చుని వెళ్లిపోయేవాళ్లు. పెళ్లయినప్పట్నుంచి సాయంత్రం మా ఇంట్లో ఆమె గొంతు వినబడని రోజు లేదు. ఇప్పుడు దోమల చప్పుడు వినబడేది.

నా బతుకు ఇంకా అన్యాయం. నదిలోకి దిగనిచ్చేది కాదు, కొబ్బరిచెట్టు కింద నిలబడనిచ్చేది కాదు, మెళ్లో ఒకటి, మొలకి ఒకటి తాయెత్తులు. తుమ్మితే పరిగెత్తుకొచ్చేది. ఇక ఊరంటారా, బడిలో కూడా ఆ పుస్తకమే వచ్చింది. సంతలో చేపలమ్మే ఫటిక్ నన్ను చూడగానే కత్తిపీట పక్కకి జరిపాడు.

"కాకా, నువ్వెలా వచ్చావు? అక్కడ సెలవలిస్తారా?"

"నోర్మూసుకుని రోహూ కొయ్యరా."

"చేప ముట్టని విధవరాలింటికి చేప పంపిన పాపం నాకెందుకు కాకా? గుమ్మడికాయ పట్టుకుపో, కాకీమాకి ఒంటికి మంచిది."

సంతంతా నవ్వింది. అది నవ్వుతో పోలేదు. గడ్డం గీయించుకోడానికి వచ్చేవాళ్లు కూడా, "చచ్చినోడి చేతి కత్తి మెడ మీద పెట్టించుకోవడం అంటే..." అని వేళాకోళమాడుతూనే పక్క ఊరి సెలూన్‌కి పోవడం మొదలుపెట్టారు. నా కుర్చీ మీద పిల్లి పిల్లల్ని పెట్టింది.

అప్పుడు వాడికి ఫోన్ చేశాను. మంచిగానే అడిగాను.

"కాకా, పిల్లలకి కథల దీదా అంటే తెల్లచీరే గుర్తు," అన్నాడు. "అది మీ ఇంటావిడ అనుకోకండి, అందరి దీదా అనుకోండి."

"ముక్కు మా ఆవిడది, పోయిన మొగుడు మాత్రం అందరిదీనా?"

వాడు పకపకా నవ్వాడు. "భలే అన్నారు కాకా! మళ్లీ అచ్చేసినప్పుడు చూద్దాంలెండి." పెట్టేశాడు.

నవ్వకపోయి ఉంటే ఊరుకునేవాణ్ణేమో. ఆ నవ్వు నా చెవిలో దూరి కాపురం పెట్టింది. వాడు నన్ను చంపాడు కదా, చచ్చినవాడు ఏం చెయ్యగలడో చూపిద్దామనుకున్నాను.

మాఘ మాసంలో పుస్తకాల మేళా. వాడి పుస్తకం కొట్టు దగ్గర వాడే కూర్చుని పిల్లలకి సంతకాలు పెడతాడని విన్నాను. మా ఆవిడతో రాణాఘాట్‌లో ఎవరికో క్షవరం ఉందని చెప్పి, సంచిలో పొయ్యి బూడిద, మసి, జనపనార జడలు, చిరిగిన ధోవతి పెట్టుకుని రైలెక్కాను. మేళా గేటు పక్కన కుళాయి చాటున చొక్కా విప్పి బూడిద పూసుకున్నాను. కళ్ల కింద మసి. నెత్తిన జనపనార. నన్ను నేను చూసుకోలేదు గానీ, చూసుకునుంటే జడుసుకునేవాణ్ణే.

కొట్టు ముందుకెళ్లి నిలబడి ముక్కుతో అరిచాను.

"నేఁను ఖఁగేన్ ప్రాఁమాణిక్! ఈఁ పుఁస్తకంలో చఁచ్చిన మొఁగుణ్ణి! నాఁ చాఁవుకి ఎఁవడు జఁవాబు చెఁబుతాఁడు?"

ఒక్క క్షణం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఆ క్షణం మేళా నాది. అప్పుడు మంకీ క్యాపు పెట్టుకున్న ఒక బుల్లిపిల్ల ముందుకొచ్చి, నా జనపనార జడ పట్టుకుని లాగి, "అమ్మా! పగటివేషగాడు!" అంది.

అంతే. చప్పట్లు. పిల్లలు నా చుట్టూ మూగారు. "ఇంకోసారి! ఇంకోసారి ముక్కుతో!" కొట్టువాళ్లు ఇది పుస్తకం అమ్మడానికి దీప్తాంశు పెట్టించిన వేషం అనుకున్నారు. నా చేతికి పుస్తకమిచ్చి ఫొటోలు తీశారు. వరస కట్టి కొన్నారు జనం. బల్ల మీదున్న పుస్తకాలన్నీ నా ఎదురుగానే ఖాళీ అయిపోయాయి. ఆఖరికి వాడే లేచి వచ్చి, కాకా అనడమే తప్ప నా పేరెప్పుడూ అడగనివాడు కనక బూడిద కింద ఉన్నది ఎవరో తెలియక, నా భుజం తట్టాడు.

"బ్రహ్మాండం దాదా! ఎవరు పంపారు మిమ్మల్ని?"

"యఁముడు," అన్నాను.

కడుపు పట్టుకుని నవ్వి, మట్టిముంతలో టీ ఇప్పించాడు.

మేళాని గజగజా వణికించానని మొదట్లో అన్నాను కదా. వణుకు మాత్రం నిజం. మాఘం చలి, చొక్కా లేని ఒళ్లు, తడిసిన బూడిద. వణికింది నేను. ఆ టీ సగం నా పొట్ట మీదే ఒలికింది.

ఇంటికొచ్చేసరికి తరుబాల గుమ్మంలో ఉంది. చెవి వెనక మిగిలిపోయిన బూడిద చూసింది.

"ఎవరికయ్యా క్షవరం చేశావు?"

"నాకే అయింది," అని జరిగింది చెప్పాను.

పుస్తకం వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తర్వాత ఆ కళ్లు మళ్లీ చిన్నవయ్యాయి.

"నువ్వు ఊరంతటికీ కనబడితే వేషం అంటారు. వాడొక్కడికే కనబడాలి. ఊళ్లో ఇంకెవడికీ కనబడకూడదు. అప్పుడు వాడి సంగతి చూద్దాం."

మర్నాడు ఆమే ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె ఒక్క అబద్ధం ఆడలేదు.

"బాబూ, తరుబాలని. పుస్తకం చూశాను... మీరు బొమ్మలో ఎలా వేశారో ఊళ్లో అలాగే అయిపోయింది బాబూ. ఆయన్ని ఇప్పుడు ఎవరూ మనిషిగా లెక్కపెట్టడం లేదు... ఆ, ఆదివారం మధ్యాహ్నం చేపల భోజనం పెడుతున్నాను. మీరు రాకపోతే ఎలా? అంతా మీ చేతులమీదుగా జరిగిందే."

మా వైపు మనిషి పోయి మైల తీరాక బంధువులకి చేపల భోజనం పెడతారు. వాడికది తెలుసు. "వస్తాను కాకీమా, తప్పకుండా వస్తాను," అన్నాడు గొంతు తగ్గించి.

నేను బతికుండగా ఇలాంటి ఆట ఆడటం ఆమెకీ భయమే. ముందురోజు కాళీ గుడికెళ్లి అమ్మవారితో, "ఇది వేళాకోళం తల్లీ, నువ్వు నిజమనుకునేవు," అని చెప్పుకుని వచ్చింది. ఆదివారం పొద్దున్నే పాపిట్లో సిందూరం రోజూ కంటే రెట్టింపు దిద్దింది. గాజులు కొత్తవి కూడా ఎక్కించింది. యముడికి ఏ చాటునుంచి చూసినా కనబడాలని.

మధ్యాహ్నం వాడొచ్చాడు. చేతిలో తెల్ల లిల్లీపూల దండ, సందేశ్ మిఠాయి పెట్టె. పెరట్లో అరిటాకులేసి ఊరు ఊరంతా కూర్చుని ఉంది. నేను వరండాలో నా కుర్చీలో కూర్చున్నాను, పిల్లినీ పిల్లల్నీ గోనెసంచి మీదకి మార్చి.

వాడు నన్ను చూశాడు. ఆగిపోయాడు.

"కాకా...?"

"ఎవరితో మాట్లాడుతున్నారు దాదా?" అన్నాడు ఫటిక్, అరిటాకు మీద నీళ్లు చల్లుకుంటూ.

"అదిగో, ఆయన... ఆ కుర్చీలో..."

ఊరంతా తలలు తిప్పి నా వైపు చూసింది. అంతమంది నన్ను చూస్తూ చూడకపోవడం ఎలా ఉంటుందో చెప్పలేను. నాకే ఒకసారి నా చెయ్యి గిల్లుకోవాలనిపించింది.

"కుర్చీయే కదా ఉంది," అన్నాడు ఫటిక్ జాలిగా. "ఎండలో వచ్చారు. కాసిని మంచినీళ్లు తాగండి."

మీఠీ నా ముందునుంచి గంతులేస్తూ వెళ్లి, ముక్కు మూసుకుని, "దీదా, ఈ ఖాళీ కుర్చీలోంచి బీడీ వాసనొస్తోంది," అంది. దానికి ఎవరూ నేర్పలేదు ఆ మాట.

నేను లేచి, నెమ్మదిగా వాడి దగ్గరకి నడిచి, "కూఁర రెఁండోసారి వేఁయించుకోఁ బాఁబూ," అన్నాను. వాడి చేతిలో పూలదండ కింద పడింది. అప్పుడు తరుబాల లోపల్నుంచి వచ్చింది. ఎర్ర అంచు చీర, మెరిసిపోతున్న సిందూరం, గలగలలాడుతూ గాజులు. వాడు ఆమెనీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"కాకీమా, మీరు... ఇవన్నీ ఇంకా..."

"మీరు బొమ్మలో తీశారు బాబూ. చేతులకున్నవి తియ్యలేదు కదా." పీట వాల్చింది. "కూర్చోండి. భోజనానికి ముందు గుండు చేయించుకోవాలి."

"గుండా? నేనా?"

"గుండు కొడుకు చేయించుకోవాలి. నా కొడుకునడిగితే, మా నాన్న బతికే ఉన్నాడు, నేనెందుకు చేయించుకుంటాను అంటున్నాడు. ఊళ్లో ఎవర్నడిగినా అదే మాట. ఆయన పోయారని చెప్పినవారు ఈ భూమ్మీద మీరొక్కరే. కాబట్టి ఆ గుండు మీదే."

పెరడంతా గుప్పున నవ్వింది. వాడికి అప్పుడు అర్థమైంది. కానీ లేవబోతే ఒక భుజం ఫటిక్ పట్టుకున్నాడు, ఇంకో భుజం ఫటిక్ తమ్ముడు.

"మంగలి?" అన్నారెవరో.

"ఊళ్లో మంగలి ఒక్కడే," అంది తరుబాల. "పోయాడు. అయినా పని మానలేదు."

నేను రబ్బరు బ్యాండు ఊడదీశాను. ఎంత జుట్టు! పట్టుకుచ్చులా భుజాల మీద పడింది. చెంబుతో చల్లటి నీళ్లు నెత్తిన గుమ్మరించి, మెల్లిగా, చాలా మెల్లిగా కత్తిని తోలు మీద సాగదీశాను. ఆ చప్పుడు వాడు వినాలని. నా చెవిలో కాపురమున్న ఆ నవ్వు బయటికి పోవాలని.

"కాకీమా," అన్నాడు వాడు, కళ్లలోకి నీళ్లు కారుతుంటే. "ఏం చెయ్యమంటే అది చేస్తాను."

"గాజులు తొడగండి."

"తొడుగుతాను. మళ్లీ అచ్చేసినప్పుడు..."

నేను కత్తిని నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట ఆనించాను.

"ఇప్పుడే! అన్నింట్లోనూ! నా చేత్తో!" అని కేక పెట్టాడు.

"ఇక్కడే కూర్చుని," అంది తరుబాల. "నా కళ్ల ముందు. చివరి పేజీలో ఆ దయ్యానికి పళ్లు కూడా పెట్టాలి. అది నవ్వడం లేదు, కొరకబోతోంది. క్షమాపణ ఉన్న చోట నల్లరంగు కొట్టి నది వెయ్యండి."

కత్తి తీసేశాను. తీయడం నాకేమీ ఇష్టం లేదని రాసి పెట్టుకోండి.

గోదాములో మిగిలిన పుస్తకాలన్నీ కట్టలు కట్టలుగా వ్యాన్లో వచ్చాయి. బూరుగుపూలు రాలిపోయేదాకా వాడు మా వరండాలో కూర్చుని తెల్లగాజులూ ఎర్రగాజులూ వేశాడు. మొదటి బొమ్మ మీద కుంచె పెట్టినప్పుడు వాడి చెయ్యి ఎండుటాకులా వణికింది. ప్రతి పుస్తకమూ తరుబాల కళ్ల దగ్గర పెట్టుకుని చూసేది. పాపిట్లో సిందూరం పలచబడితే వెనక్కి నెట్టేది.

వాడికి భోజనం కూడా పెట్టింది, పెట్టకపోవడమేం. విధవ భోజనం. ఉప్పుడు చెయ్యని పచ్చిబియ్యపు అన్నం, ఉడకేసిన అరటికాయ, చెంచాడు నెయ్యి. ఉల్లి లేదు, మసాలా లేదు, చేప ఊసే లేదు. అదే సమయానికి వాడి ముక్కుకి ఎదురుగా పొయ్యి మీద నాకు చేపలు వేగేవి.

"కాకీమా, ఆ వాసన..."

"బొమ్మలో నన్నేం చేశారో ఆ మనిషి తిండే మీకు పెడుతున్నాను బాబూ. ఎలా ఉంది?"

వాడు తల వంచుకుని ఇంకో గాజు వేసేవాడు.

ఆఖరి పుస్తకం అయిన సాయంత్రం ఆమె దాన్ని చూసి, ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు బొమ్మలోని చేతుల మీద వేలితో రాసింది. తర్వాత లోపలికెళ్లి వాడి కంచంలో అన్నమూ ఆవపిండి చేపల కూరా వడ్డించి తెచ్చింది. వాడు ఆవురావురుమని కలుపుకున్నాడు. అప్పటికే ఎలా తెలిసిందో పిల్లలంతా అరుగెక్కేశారు.

"ఒక ఇంట్లో కొత్తకోడలు..." అని మొదలెట్టింది తరుబాల.

నేను స్తంభానికి ఆనుకుని విన్నాను. దోమల చప్పుడు వినబడలేదు. ముళ్లు లేచి నిలబడే చోటికొచ్చేసరికి ఆమె పిల్లల్ని వదిలేసి వాడి వైపే తిరిగి చెప్పింది. వాడు నమలడం మానేసి, నోట్లోంచి ముల్లు ఒకటి తీసి, దీపానికి ఎదురుగా పట్టుకుని చూసుకున్నాడు. బుడగల దగ్గర పిల్లలు ఎగిరి గంతేశారు. నేనూ గంతేశాను, ఈ వయసులో.

మేళాలో నా వేషం చూసి జనం ఎగబడి కొన్న పుస్తకాలు మాత్రం చెయ్యి దాటిపోయాయి. ఆ ఇళ్లల్లో నేనిప్పటికీ చచ్చే ఉన్నాను. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఎర్ర పెన్సిల్ ఒకటి తీసుకోండి, మీకు పుణ్యముంటుంది.

ఇందులో ఒక్క ముక్క నేను కల్పించాను. దీప్తాంశు చెయ్యి వణకలేదు. మొదటి గాజు నుంచి ఆఖరి గాజు దాకా నేను కత్తి పట్టినంత నిబ్బరంగా పట్టాడు కుంచె. అంత నున్నటి గాజులు తరుబాల చేతికి నేను కూడా ఎప్పుడూ కొనివ్వలేదు. చెయ్యి వణికిందని నేను చెప్పుకుంటున్నట్టు తెలిసి వాడు, "కాకా, ఆ వణుకు తీసెయ్యండి, నా వృత్తికి అప్రతిష్ట," అని ఫోన్ చేశాడు.

తియ్యను. నా పెళ్లాం చేతి గాజులు తీసినప్పుడు వాడు నన్నడిగాడా?